కెమికల్ చదివినవాళ్లు ఎక్కడికి వెళతారు?

ప్రయోగశాలలో ఒక లీటరు ఫ్లాస్కులో బుద్ధిగా జరిగిన రసాయన చర్యను, అవే పాళ్లతో వెయ్యి లీటర్ల రియాక్టర్లో నడిపితే చాలాసార్లు మొండికేస్తుంది. దిగుబడి పడిపోవచ్చు, అక్కర్లేని మలినాలు పుట్టుకురావచ్చు, ఒక్కోసారి రియాక్టరే పేలిపోవచ్చు. రసాయనాలు అవే, సమీకరణమూ అదే. మారిందల్లా పరిమాణం. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగితే లోపలి సరుకు వెయ్యి రెట్లవుతుంది. వేడిని బయటికి పంపాల్సిన గోడ వైశాల్యం మాత్రం వంద రెట్లే అవుతుంది. లీటరుకు దక్కే గోడ పదో వంతుకు పడిపోతుంది. గ్లాసులో టీ నిమిషాల్లో చల్లారిపోతుంది, పెళ్లి వంటల గంగాళంలో సాంబారు గంట గడిచినా పొగలు కక్కుతూనే ఉంటుంది కదా, అదే లెక్క. ఫ్లాస్కుకూ ఫ్యాక్టరీకీ నడుమ ఉన్న ఈ దూరాన్ని దాటించడమే కెమికల్ ఇంజనీరు పని.

ముందే ఈ లెక్క చెప్పడానికి కారణం ఉంది. ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వచ్చేసరికి, కెమికల్ అంటే కెమిస్ట్రీయే అనుకునే తల్లిదండ్రులు చాలామంది కనిపిస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో సీటు రాక ఇందులో చేరిన పిల్లలకు కూడా, నాలుగేళ్లు చదివాక ఏమవుతామో మూడో సంవత్సరం దాకా ఎవరూ విడమరిచి చెప్పరు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమ, విశాఖ నుంచి కాకినాడ దాకా రిఫైనరీ, ఎరువులు, గ్యాస్ ఉన్న రాష్ట్రాల్లో ఈ చదువు గురించి ఇంత తక్కువ తెలియడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ శాస్త్రం పుట్టుకలోనే దాని దారులన్నీ ఉన్నాయి. 1887లో జార్జ్ డేవిస్ అనే ఆయన మాంచెస్టర్‌లో 12 ఉపన్యాసాలిచ్చాడు. క్షార పరిశ్రమల తనిఖీ అధికారిగా ఆయన ఎన్నో ఫ్యాక్టరీలు తిరిగి చూసినవాడు. సబ్బు తయారుచేసినా, సోడా తయారుచేసినా, లోపల జరిగే పనులు మాత్రం ఎక్కడ చూసినా అవేనని గమనించాడు. వేడిచేయడం, చల్లార్చడం, మరిగించి విడదీయడం, వడకట్టడం, ఆరబెట్టడం. 1915లో అమెరికాలో ఆర్థర్ లిటిల్ వీటికి ‘యూనిట్ ఆపరేషన్స్’ అని పేరు పెట్టాడు. ఈ పనుల వెనక ఉన్న లెక్క నేర్చుకున్నవాడు చక్కెర మిల్లుకు వెళ్లినా, చమురు శుద్ధి కర్మాగారానికి వెళ్లినా, మందుల కంపెనీకి వెళ్లినా కొత్తవాడిలా నిలబడడు. మన దేశంలో 1921లో జాదవ్‌పూర్‌లో, 1933లో బొంబాయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం యూడీసీటీలో ఈ చదువు మొదలైంది. ఇవాళ్టి పట్టభద్రులు అన్ని రకాల పరిశ్రమల్లోకి చెదిరిపోవడానికి మూలం డేవిస్ గమనించిన ఆ పోలికే.

మన పిల్లల్లో ఎక్కువమంది మొదట అడుగుపెట్టేది మందుల మూల రసాయనాలు తయారుచేసే బల్క్ డ్రగ్ ప్లాంట్లోకి. జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం, చౌటుప్పల్, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీ. ఈ పరిశ్రమ ఇక్కడ వేళ్లూనుకోవడానికి రెండు కారణాలు చెప్పుకోవాలి. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ఒకటి. తయారీ పద్ధతికి తప్ప మందుకు పేటెంట్ ఇవ్వని 1970 నాటి పేటెంట్ చట్టం రెండోది. అదే మందును వేరే దారిలో తయారుచేయగలిగినవాడికి ఆ చట్టం తలుపు తెరిచింది. వేరే దారి వెతకడం కెమిస్టు పని, దాన్ని టన్నుల్లో నడిపించడం ఇంజనీరు పని. తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి యూడీసీటీలో చదివి, పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో సొంత కంపెనీ పెట్టారు. ఆ తరంలో ఐడీపీఎల్ బడిలో పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లే హైదరాబాద్‌ను మందుల రాజధానిని చేశారు.

అలాంటి ప్లాంటులో సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. కొత్తగా చేరిన ట్రైనీ నీలం రంగు గాజు పూత పూసిన రియాక్టర్ పక్కన నిలబడి ఉంటాడు. లోపల మూడు వేల లీటర్ల సాల్వెంట్, అందులో ముడిపదార్థం. పైనున్న డోసింగ్ ట్యాంకు నుంచి రెండో రసాయనాన్ని సన్నటి ధారగా, నాలుగైదు గంటల పాటు, వదలాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటకూడదు. రియాక్టర్ చుట్టూ ఉన్న జాకెట్‌లో చల్లటి బ్రైన్, అంటే ఉప్పునీరు, తిరుగుతుంటుంది. ఉష్ణోగ్రత చూపే ముల్లు 4 నుంచి 6కు, 6 నుంచి 8కి కదిలితే ఏం చేయాలి? మొదట ధార ఆపాలి. కదుపుడు మాత్రం ఆపకూడదు. ఆపితే కలవని రసాయనం ఒకచోట పేరుకుని, మళ్లీ కదిపినప్పుడు ఒక్కసారిగా రగులుకుంటుంది. ఈ రెండు ముక్కలూ పాఠ్యపుస్తకంలోనూ ఉంటాయి. అయితే ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందనీ, జాకెట్ లాగేసే వేడి మాత్రం అంత తొందరగా పెరగదనీ అన్న పాఠం, ఆ ముల్లు కళ్లముందు కదులుతుండగా ఒంటికి పట్టినట్టు తరగతి గదిలో పట్టదు. ప్రతి అంకెనూ, దాన్ని చూసిన సమయాన్నీ అప్పటికప్పుడు బ్యాచ్ రికార్డులో రాసి సంతకం పెట్టాలి. మందుల పరిశ్రమలో రాయని పని చేయని పనే.

ఈ ఉద్యోగంలో కష్టం ఉంది, దాన్ని దాచి పిల్లల్ని పంపడం తప్పు. షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం ముందు చిన్నగా కనిపిస్తుంది. ప్రొడక్షన్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లతో పోటీ ఉంటుంది. రికార్డులు నింపడం, మనుషుల్ని నడపడం మాత్రమే చేస్తే ఇద్దరి మధ్యా తేడా ఏమీ ఉండదు. తేడా తెలిసేది ప్రాసెస్ ఇంజనీరింగ్, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ విభాగాల్లో. పరిశోధన విభాగం గ్రాముల్లో చేసిన పద్ధతిని తీసుకుని, ఎంత వేడి పుడుతుందో కెలోరిమీటర్‌లో కొలిచి, ఏ రియాక్టర్ సరిపోతుందో, ఎంత సేపు పోయాలో, వడకట్టడానికి ఎంత పడుతుందో, ఆరబెట్టాక గింజ పరిమాణం ఎంతుంటుందో లెక్కగట్టేవాళ్లు వీళ్లు. ప్రొడక్షన్‌లో ఒకటి రెండేళ్లు చెమటోడ్చినవాడు ఇందులోకి వస్తే తిరుగుండదు. నేరుగా ఇందులోకి వచ్చినవాడికి ప్లాంటు భాష నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది.

రిఫైనరీ, ఎరువుల కర్మాగారం వేరే లోకం. మందుల ప్లాంటు బ్యాచ్‌గా నడుస్తుంది. ఇవి రాత్రనక పగలనక ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తాయి, ఆపేది పెద్ద మరమ్మతుల షట్‌డౌన్‌కే. విశాఖలో 1957లో కాల్‌టెక్స్ మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది. రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో సహజవాయువుతో నడిచే కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఆ యూరియాకు మూలమైన అమ్మోనియా కథ కూడా ఫ్లాస్కు నుంచి ఫ్యాక్టరీకి జరిగిన ప్రయాణమే. 1909లో ఫ్రిట్జ్ హేబర్ బల్ల మీద చుక్కలు చుక్కలుగా అమ్మోనియా చేసి చూపించాడు. దాన్ని పెద్దది చేసే పని కార్ల్ బాష్ మీద పడింది. విపరీతమైన ఒత్తిడిలో వేడెక్కిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ను తినేయడంతో గొట్టాలు కొద్ది రోజులకే పగిలిపోయేవి. లోపల కార్బన్ లేని మెత్తని ఇనుప తొడుగు వేసి, బయటి ఉక్కు గోడకు సన్నటి రంధ్రాలు పెట్టి, చొరబడిన హైడ్రోజన్ బయటికి పోయేలా చేశాడు బాష్. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో తొలి కర్మాగారం నడిచింది. ఇవాళ మన పొలాల్లో చల్లే యూరియా బస్తా వెనక ఆ రంధ్రాల కథ ఉంది.

ఇలాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లోకి వెళ్లే దారి సాధారణంగా గేట్ స్కోరు, లేదా సంస్థ సొంత పరీక్ష. గేట్ రాసి ఎంటెక్ చేరేవాళ్లకు నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. అణుశక్తి విభాగం దారి కూడా ఉంది, దాని గురించి మన పిల్లలకు తెలిసింది తక్కువ. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియాన్ని శుద్ధిచేసే పద్ధతి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్, మూడో ఏడాది మాస్ ట్రాన్స్‌ఫర్ పాఠంలో చదివేదే. మణుగూరు భారజల కర్మాగారం మరీ అద్భుతం. మామూలు నీటిలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి బరువైన రకం, డ్యుటీరియం. ఆ ఒక్కదాన్ని ఏరడానికి నీటినీ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా నడుపుతారు. చల్లటి టవర్లో డ్యుటీరియం వాయువులోంచి నీటిలోకి మళ్లుతుంది, వేడి టవర్లో నీటిలోంచి వాయువులోకి మళ్లుతుంది. ఈ ఇటూ అటూ బదిలీని వరుసగా పేర్చుకుంటూ పోతే నీరు క్రమంగా భారమవుతుంది. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త ఎక్కువగా పీల్చినా ప్రాణాంతకం. గోదావరి ఒడ్డున అంత విషవాయువుతో ఏళ్లుగా ప్లాంటు నడపడం ఎంత క్రమశిక్షణ కావాల్సిన పనో ఊహించుకోవచ్చు.

ఆ క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ నిలవ ఉన్నప్పుడు తనంతట తానే పాలిమర్‌గా మారుతుంటుంది, మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మార్పును ఇంకా తొందరపెడుతుంది. అందుకే చల్లగా ఉంచాలి, మార్పును అడ్డుకునే నిరోధకం కలుపుతుండాలి, సరుకును తిప్పుతుండాలి. లాక్‌డౌన్ రోజుల్లో ట్యాంకు కదలిక లేకుండా ఉండిపోయింది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది. వేడి సరుకు తేలిక కాబట్టి పైన చేరింది. అడుగు చల్లగా ఉందని చూపించిన అంకెను నమ్మారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఈ లోపాలన్నీ రాసింది. భోపాల్ అయినా, విశాఖ అయినా, వార్తల్లో విష రసాయనమే దోషిగా నిలుస్తుంది. నా దృష్టిలో రసాయనం దోషి కాదు. దాని స్వభావం ఎప్పుడో తెలిసినదే. తెలిసినవాళ్ల మాట వినే ఏర్పాటు లేకపోవడమే దోషం.

ప్రాసెస్ సేఫ్టీ ఇప్పుడు ప్రత్యేక వృత్తి. హజాప్ అనే పద్ధతిలో నలుగురైదుగురు ఇంజనీర్లు ప్లాంటు పైపుల పటం ముందేసుకుని కూర్చుంటారు. ఒక్కో గొట్టం దగ్గర ఆగి, ఇక్కడ ప్రవాహం ఆగితే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది, వెనక్కి పారితే ఏమవుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే ఎవరికి ఎలా తెలుస్తుంది అని అడుగుతూ పోతారు. రోజుల తరబడి సాగే ఓపిక పని ఇది. ట్యాంకు పైభాగం వేడెక్కితే ఎవరికి తెలుస్తుంది అన్న ప్రశ్న అలాంటి చోటే పుడుతుంది. అడిగిన ప్రశ్నకు జవాబుగా ఇంకో థర్మామీటర్ పెట్టించే ఇంజనీరు పేరు ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఏమీ జరగదు. ఈ వృత్తిలోకి తెలివైన పిల్లలు ఇంకా చాలామంది రావాలి.

వ్యర్థాల పని కూడా ఇలాంటిదే. పటాన్‌చెరు చుట్టుపక్కల నక్కవాగు, చెరువులు, బోర్లు ఒకప్పుడు ఎలా పాడయ్యాయో అక్కడి రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెప్పుకున్నారు. ఇప్పుడు చాలా ప్లాంట్లలో మురుగును ఆవిరి చేసి, నీటిని తిరిగి వాడుకుని, ఉప్పును మాత్రమే బయటికి పంపే ఏర్పాట్లు పెట్టాల్సి వస్తోంది. వాటిని నడిపేదీ, కాలుష్య నియంత్రణ మండలి తరఫున తనిఖీ చేసేదీ కెమికల్, పర్యావరణ ఇంజనీర్లే. డిజైన్ సంస్థలు ఇంకో దారి. ఢిల్లీ, ముంబై, చెన్నై, వడోదర ఆఫీసుల్లో కూర్చుని, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు కట్టి, ఎక్కడో గల్ఫ్‌లో కట్టబోయే ప్లాంటుకు పటాలు గీస్తారు. జామ్‌నగర్‌లోనో విశాఖలోనో రిఫైనరీ కంట్రోల్ రూమ్ అనుభవం సంపాదించి ఖతార్, సౌదీ, అబుదాబి వెళ్లే మనవాళ్లు కూడా తక్కువేం కాదు. అక్కడ డిగ్రీ పేరుకన్నా, ఏ యూనిట్ ఎన్నేళ్లు నడిపావన్నదే అడుగుతారు.

కెమికల్ చదివి చిప్పుల వైపు వెళ్లొచ్చా అని అడిగేవాళ్లకు ఆండీ గ్రోవ్ పేరు చెబుతాను. హంగరీ నుంచి శరణార్థిగా అమెరికా చేరి, న్యూయార్క్ సిటీ కాలేజీలో 1960లో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, బర్క్‌లీలో 1963లో అదే శాఖలో పీహెచ్‌డీ చేశాడు. ఫెయిర్‌చైల్డ్ అనే చిప్పుల కంపెనీలో ఉండగా బ్రూస్ డీల్‌తో కలిసి, సిలికాన్ మీద ఆక్సైడ్ పొర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సూత్రం 1965లో ఇచ్చాడు. ఆక్సిజన్ పాత పొరలోంచి దూరి లోపలికి చేరాలి, చేరాక సిలికాన్‌తో చర్య జరగాలి. పొర పలుచగా ఉన్నప్పుడు చర్య వేగమే పెరుగుదలను నిర్ణయిస్తుంది, మందమయ్యాక దూరడానికి పట్టే సమయం నిర్ణయిస్తుంది. మన కాలేజీల్లో రియాక్షన్ ఇంజనీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ వేసే లెక్కే ఇది. ఆ గ్రోవ్ 1987లో ఇంటెల్ సారథి అయ్యాడు. చిప్పుల తయారీలో వాయువుల నుంచి పలుచని పొర వేయడం, కావాల్సిన చోట దాన్ని కొరికేయడం, మళ్లీ కడగడం, అన్నీ మన విషయాలే. గుజరాత్‌లో చిప్పుల కర్మాగారాలు, మహబూబ్‌నగర్ దగ్గర బ్యాటరీల తయారీ, విశాఖ తీరాన పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ మొదలవుతున్న ఈ కాలంలో ఆ దారి మన పిల్లలకు దగ్గరకొస్తోంది.

ప్లాంటు ఆడపిల్లల చోటు కాదనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 1937లో ఎంఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ డాక్టరేట్ అందుకున్న మార్గరెట్ హచిన్సన్ రూసో, అమెరికాలో ఆ పట్టా పొందిన తొలి మహిళ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిలిన్‌ను సీసాల్లో పెంచే పద్ధతి పోయి లోతైన ట్యాంకుల్లో పెంచే పద్ధతి వచ్చినప్పుడు, తొలి పారిశ్రామిక పెన్సిలిన్ ప్లాంటు డిజైన్ ఆమెదే. అప్పట్లో కుదిరిన పని ఇప్పుడు కుదరదనడం అన్యాయం. రాత్రి షిఫ్టుకు రవాణా, విశ్రాంతి గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం యాజమాన్యానికి చేతకాని పనులేం కావు.

పై చదువుకు అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఎమ్మెస్ చాలావరకు సొంత ఖర్చు, అంటే అప్పు. కెమికల్ ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి జీవనభృతి కూడా ఇస్తాయి. మన బీటెక్ తర్వాత నేరుగా చేర్చుకునేవీ ఉన్నాయి. పరిశోధన మీద నిజంగా ఇష్టం ఉన్నవాడు ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు.

ఇక సాఫ్ట్‌వేర్. క్యాంపస్‌కు వచ్చే పెద్ద ఐటీ కంపెనీలు ఏ బ్రాంచి అయినా తీసుకుంటాయి, మన పట్టభద్రుల్లో చాలామంది అటే వెళతారు. ఇంటి అవసరాలు ఉన్నప్పుడు అది తప్పేమీ కాదు, వాళ్లను నిందించే హక్కు ఎవరికీ లేదు. అయితే ప్లాంటంటే ఏమిటో ఒక్కసారైనా చూడకుండానే వెళ్లిపోవడం మాత్రం నష్టం. ఎందుకంటే ప్లాంటు తెలిసి ప్రోగ్రామింగ్ వచ్చినవాడికి ఇవాళ ప్రాసెస్ కంట్రోల్‌లో, సిమ్యులేషన్‌లో, సెన్సర్లు పంపే అంకెల్లోంచి రాబోయే లోపాన్ని ముందే పట్టే పనిలో మంచి గిరాకీ ఉంది. ఒట్టి ప్రోగ్రామింగ్ వచ్చినవాడికి అడుగు థర్మామీటర్ చల్లగా చూపిస్తే పైన ఏం జరుగుతుందో తట్టదు.

కాబట్టి చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థులకు నా సలహా: మొదటి ఉద్యోగాన్ని జీతం బట్టి కాకుండా, రెండేళ్లలో ఏం చూడగలుగుతారో దాన్ని బట్టి ఎంచుకోండి. ఇంటర్వ్యూలో మీకు ప్రశ్నలడిగే అవకాశం వచ్చినప్పుడు, మీ ప్లాంటులో హజాప్ ఎప్పుడు చేశారు, ట్రైనీకి పని ఆపించే అధికారం ఉందా అని అడగండి. జవాబు తడబడితే ఆ కంపెనీ ఎంత పెద్దదైనా ఇంకోటి చూసుకోండి. యాజమాన్యాలకు కూడా ఒక విన్నపం. రాత్రి రెండు గంటలకు ముల్లు చూసుకుంటూ నిలబడేది ఇరవై రెండేళ్ల పిల్లవాడు. అతనికి తగిన జీతం, తగిన శిక్షణ, ధార ఆపినందుకు తిట్టని మేనేజరు ఇవ్వండి. ఈ మూడూ దొరికిన చోటికి ఈ చదువు చదివిన పిల్లలు తప్పకుండా వస్తారు.